మూడు పాటల దూరం

ముప్పైనాలుగేళ్లు ఊళ్లోవాళ్ల గుమ్మాలన్నీ ఎక్కి దిగిన పోస్టుమాను, రిటైరైన మూడో ఏట సొంత ఇంటి గుమ్మం దాటలేక నిలబడిపోయాడు. చేతిలో సంచి ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. వెళ్లాలని మనసులోనూ ఉంది. పాదాలు మాత్రం నేలకు మేకులు దిగ్గొట్టినట్టు కదల్లేదు.

లోపల స్కూలు చొక్కాలకు బొత్తాలు కుడుతున్న భార్య తలెత్తి చూసింది. "ఏమండీ, ఏమైనా మరిచిపోయారా?"

"నేనేమీ మరిచిపోలేదు. కాళ్లే మరిచిపోయాయి" అన్నాడాయన.

హాస్యమాడుతున్నాడనుకుని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఆ తర్వాత చాలాకాలం ఆవిడను ముల్లులా గుచ్చింది.

వీధిలో ఆవిడను అందరూ బొత్తాలమ్మ అంటారు. బజారులో రెండు బట్టల కొట్లకు బొత్తాలు, కాజాలు, అంచులు కుట్టి ఇస్తుంది. ఆయనను ఇప్పటికీ పోస్టుమాను అనే పిలుస్తారు. పెద్ద డాక్టరు ఆయన చేతివేళ్లు, మెడ, నడక చూసి ఇది వణుకు జబ్బని, మందులతో కొంత నెమ్మదిస్తుందిగాని పోదని చెప్పాడు. మొదట చేతులు వణుకుతాయి, ముఖం బిగుసుకుంటుంది, తర్వాత కాళ్లు ఉన్నట్టుండి నేలను పట్టేసుకుంటాయి. ముఖ్యంగా గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర, రోడ్డు దాటేచోట.

"ఉత్తరం ఇక్కడ వేస్తున్నానే. అక్కడ బట్వాడా కావట్లేదు" అనేవాడాయన నుదురూ మోకాళ్లూ చూపిస్తూ.

డాక్టరు వాళ్లను అదే ఆసుపత్రిలో నడక నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆయన ఆ అమ్మాయికి నడక పంతులమ్మ అని పేరు పెట్టాడు. పంతులమ్మ వసారాలో ఆయన పక్కన నిలబడి చేతులు చరుస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, ఒకటి, రెండు. మంత్రం వేసినట్టు పాదాలు కదిలాయి. కాళ్లకు మెదడు పంపే కబురు దారిలో ఎక్కడో ఆగిపోతుందట. చెవిలోంచి తాళం వెళ్తే అది ఇంకో దారిన కాళ్లను చేరుతుందట.

"అడ్డదారి" అన్నాడాయన. "వరదలొచ్చినప్పుడు మేమూ అలాగే వెళ్లేవాళ్లం."

పంతులమ్మ ఒక చిన్న పాటల ప్లేయరు తెప్పించి ఇచ్చింది. అగ్గిపెట్టెకన్నా చిన్నది. దానికి తెర లేదు, జేబుకు తగిలించుకునే క్లిప్పు, నాలుగు మీటలు, అంతే. అందులో మూడు బ్యాండు పాటలు పెట్టింది. స్కూలు పిల్లలు వరసగా నడిచేటప్పుడు వాయిస్తారే, అలాంటివి. మూడింటికీ డప్పు ఒకటే వేగం, ఆయన అడుగుకు సరిపడా. మొదటిసారి పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్లు నిశ్శబ్దం వచ్చింది. ఆ రెండు సెకన్లలోనే ఆయన వసారా మధ్య బొమ్మలా ఆగిపోయాడు. పంతులమ్మ నాలిక కరుచుకుని, ఆ ఎడం లేకుండా మళ్లీ ఎక్కించింది.

వాళ్లు ఇంటికి బయల్దేరుతుంటే బొత్తాలమ్మను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. "ఇందులో ఇంకేమీ కలపకండమ్మా. ఎంత మంచి పాటైనా సరే."

వాళ్లింటినుంచి మందిరం మూడు పాటల దూరం. మెట్లు దిగి, చాకలి కొట్టు దాటి, పెద్ద రోడ్డు అడ్డంగా దాటి, గోడవెంట వెళితే మందిరం మెట్లు. మూడో పాట చివర డప్పు మోగుతుండగా ఆయన చెయ్యి మెట్ల పక్కనున్న ఇనుప కడ్డీ మీద పడేది. మొదటివారం బొత్తాలమ్మ ఆయనకు తెలియకుండా పది అడుగుల వెనక నడిచింది. ఆయనకు తెలియకుండా ఉంటుందా.

"ఉత్తరం వెనక కవరు నడవడం ఎక్కడైనా చూశావా?" అన్నాడు ఎనిమిదోనాడు.

ఆ రోజునుంచి ఆవిడ కిటికీ దగ్గరే నిలబడేది. చెయ్యి పట్టుకోనిచ్చేవాడు కాదు, కర్ర ముట్టుకునేవాడు కాదు. చక్రాల కుర్చీ మాట ఎత్తితే ఆ పూట అన్నం సగంలో లేచిపోయేవాడు. దేవుడి దగ్గరికి తన కాళ్లతో తను వెళ్లాలి, ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే. పొద్దున ఆరింటికి ఆయన రోడ్డు దాటి అవతలి గోడ చేరేదాకా ఆవిడకు ఊపిరి ఆడేది కాదు. చేరాక కిటికీ రెక్కకు తల ఆనించి, "ఈ పూటకు దాటించావు తండ్రీ" అనుకునేది.

ఏడు నెలలు అలా గడిచాయి. నడక పంతులమ్మకు వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది. పోతూ పోతూ ఆ మూడు పాటలూ ఒక డిస్కు మీద వేసి ఇచ్చింది.

ఒకరోజు మందిరంనుంచి వచ్చి, ఆయన చెవుల్లోని తీగలు తీస్తూ అన్నాడు. "రోజూ దేవుడింటికి పెళ్లికొడుకులా బ్యాండుమేళంతో పోతున్నానే."

"పోనివ్వండి. ఆయనేమైనా అనుకుంటాడా?"

"ఆయన అనుకోడు. నాకే. కళ్లు మూసుకుని కూర్చుంటానా, ప్రార్థన మొదలుపెడదామంటే లోపల డప్పే మోగుతూ ఉంటుంది. పావుగంటకుగాని ఊరుకోదు. ఈలోగా అందరూ లేచిపోతారు."

నవ్వుతూనే అన్నాడు. జబ్బువల్ల ఆయన ముఖంలో నవ్వు సగమే కనబడేది. మిగతా సగం ఏమిటో ఆవిడకు ఒక్కదానికే తెలిసేది.

ఆ మాట ఆవిడ మనసులో నాటుకుంది. ఆయన వయసులో ఉన్నప్పుడు సైకిలు తొక్కుతూ పాడుకునే ప్రార్థన గీతం ఒకటుంది. డప్పూ తాళం ఏమీ లేకుండా, ఒకే గొంతు "తండ్రీ" అని దీర్ఘంగా తీసి మొదలుపెడుతుంది. మూడో పాట అయిపోయి, చెయ్యి కడ్డీ మీద పడగానే చెవిలో ఆ పాట వస్తే? కడ్డీ పట్టుకుని నిలబడి వింటాడు. డప్పు అక్కడే మెట్ల కింద దిగిపోతుంది. శుభ్రమైన మనసుతో లోపలికి వెళతాడు. పంతులమ్మ చెప్పిన మాట ఆవిడకు గుర్తు లేకపోలేదు. కాని అది సినిమా పాటల గురించేననుకుంది. దేవుడి పాట ఎవరికైనా అడ్డమెలా అవుతుంది?

ఆయనకు చెప్పలేదు. చెబితే వద్దంటాడేమోనని కాదు. చెప్పకుండా వినిపిస్తే ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలని. ఆయన మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు ప్లేయరూ డిస్కూ కొంగులో కట్టుకుని మేడమీదికి వెళ్లింది. అక్కడ అద్దెకుంటున్న లెక్కల మేష్టారికి కంప్యూటరుంది.

"ఎంతలో పని అక్కయ్యగారూ, చిటికెలో అయిపోతుంది" అన్నాడు మేష్టారు కళ్లజోడు సర్దుకుని.

ఆ చిటికె గంటన్నర పట్టింది. ఈ ప్లేయర్లోకి పాట వెళ్లాలంటే మామూలుగా ఎక్కించడం కుదరదు, దానికని ఒక ప్రత్యేకమైన సాఫ్టువేరుండాలి. తెరవగానే అది కొత్త వెర్షను వచ్చింది, వేసుకోమంది. వేశాక, కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టమంది. పెట్టాక, పేరు, పుట్టిన తేదీ అడిగింది.

"పాట వినడానికి పుట్టిన తేదీ ఎందుకు మేష్టారూ?"

"జాతకం చూస్తుందేమో."

తర్వాత తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఈ ప్లేయరు వేరే కంప్యూటరుకు చెందినదట. దీంతో కలపాలంటే లోపల ఉన్నవన్నీ చెరిపేయాలట. సరేనా అని అడిగింది. బొత్తాలమ్మ చటుక్కున వైరు పట్టుకుంది.

"లాగకండి, లాగకండి. డిస్కు మన దగ్గరుందిగా. చెరిపి నాలుగూ మళ్లీ ఎక్కిద్దాం."

"ఉన్న మూడింటినీ ఉండనిచ్చి, ఒక్కటి చేర్చలేదా?"

"అది పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చెప్పి చూశాను, వినదు. మా క్లాసులో వెనక బెంచీవాళ్లే నయం."

చెరిపాడు. నాలుగూ ఎక్కించాడు. పాటల మధ్య ఎడం ఉండకూడదని ఆవిడ పదిసార్లు చెబితే, ఆ మీట ఎక్కడుందో వెతికి, దాని ఎదుట టిక్కు పెట్టాడు. అదే పేజీలో దాని కింద ఇంకా ఏవేవో పది పన్నెండు వరసలున్నాయి. కొన్నిటికి ముందే టిక్కులు పెట్టున్నాయి. మేష్టారు వాటి జోలికి పోలేదు. "వాటికి లేని దురద మనకెందుకు" అన్నాడు.

తెర మీద నాలుగు పేర్లూ వరసగా కనిపించాయి. ఒకటి, రెండు, మూడు బ్యాండు పాటలు. నాలుగోది ప్రార్థన. బొత్తాలమ్మ వేలుపెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదువుకుంది. తర్వాత తీగలు చెవిలో పెట్టుకుని మీట నొక్కింది. డప్పు మోగింది. అర నిమిషం విని ఆపేసింది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు కదా.

మర్నాడు పొద్దున ఆయన ఎప్పట్లాగే తయారయ్యాడు. చొక్కా బొత్తాలు ఆవిడే పెట్టింది. చేతులు వణకడం మొదలైనప్పటినుంచీ అది ఆవిడ పనే.

"ఏమిటే, పొద్దున్నే ముసిముసిగా నవ్వుతున్నావు?"

"నవ్వకూడదా?"

"నవ్వు. పన్నేమీ వెయ్యరు."

మీట నొక్కుకుని, డప్పు అందుకుని, గుమ్మం దాటాడు. ఆవిడ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. చాకలి కొట్టు దాటాడు. చేతులు కొంచెం ఊగుతున్నాయి, మంచిరోజే. రోడ్డు అంచున ఆగకుండా దిగాడు. మెట్ల దగ్గర ఆ పాట వినగానే ఆయన వెనక్కి తిరిగి ఇంటివైపు చూస్తాడేమోనని ఆవిడ మనసులో అనుకుంటూనే ఉంది. అప్పుడే ఆయన ఆగిపోయాడు.

నడిరోడ్డులో, తెల్ల చారల మీద, ఒక కాలు ముందుకు వేసి. తల కొంచెం పైకెత్తాడు, ఎవరో పిలిస్తే విన్నట్టు.

ఆవిడ కిటికీలోంచి కేక వేసింది. చెవుల్లో తీగలున్నవాడికి ఆ కేక అందదు. మెట్లు ఎలా దిగిందో ఆవిడకు తెలియదు. పేపరు కట్టలు వేసుకుని మలుపు తిరిగిన స్కూటరువాడు ఆయన నడుస్తాడనే అనుకున్నాడు. రోడ్డు దాటే మనిషి నడవక ఏం చేస్తాడు? ఆవిడ చాకలి కొట్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డంతా పేపర్లు పడి ఉన్నాయి. స్కూటరువాడు ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"నీ తప్పు కాదు నాయనా, నీ తప్పు కాదు" అంటున్నాడాయన.

ఆవిడ కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. ఒక చెవిలోంచి జారిన తీగ ఆయన భుజం మీద పడి ఉంది. దాంట్లోంచి సన్నగా గొంతు వినిపిస్తోంది. ఒకే గొంతు, తాళం లేకుండా.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి ఇనుప కడ్డీ వేశారు. ఈ జబ్బున్నవాళ్లకు తుంటి విరిగితే మళ్లీ ఒంటరిగా నడవడం ఉండదని, ఆశ పెట్టుకోవద్దని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఆరు వారాల తర్వాత ఆయన చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాడు. కుర్చీని చూసి ఒక్క మాటా అనలేదు. అదే ఆవిడను భయపెట్టింది.

మేష్టారు అప్పటికే ప్లేయరును మళ్లీ తగిలించి చూశాడు. టిక్కు ముందే పెట్టున్న వరసల్లో ఒకటి పాటలను ఎప్పటికప్పుడు కలగాపులగం చేసేదట. వినేవాళ్లకు విసుగు రాకుండా ఉండాలని కొత్త వెర్షనులో దానంతట అదే పెట్టుకుంటుందట. కంప్యూటరు తెర మీద ఒక వరస, ప్లేయరు కడుపులో ఇంకో వరస. ఆవిడ విన్నది ఒక్క మెతుకే. మొదటి పాట అయ్యాక రెండోదిగా ప్రార్థన వచ్చింది.

మెట్ల మీద నిలబడి ఇది చెబుతూ మేష్టారు తల దించుకున్నాడు. "నేనే చూసుకోవలసింది అక్కయ్యగారూ. లెక్కలు చెప్పేవాణ్ణి, అడుగున ఉన్న వరస చదవలేదు."

"మీరేం చేస్తారు. చేర్చమన్నది నేను. చేర్చొద్దని పంతులమ్మ నాకు చెప్పింది కూడా."

"ఆయనకు చెప్పారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

చెబుదామనే ఆసుపత్రిలో మొదటిరోజు ఆయన మంచం దగ్గర కూర్చుంది. ఆవిడ నోరు విప్పేలోగా ఆయనే మొదలుపెట్టాడు. మత్తింకా పూర్తిగా దిగలేదు.

"నీకొకటి చెప్పనా? నువ్వు నవ్వకూడదు. ఆ పాట వచ్చిందే."

"ఏ పాట?" అంది.

"నేను సైకిలు మీద పాడేవాణ్ణే, అది. పెట్టెలో లేదుగా అది. మూడే పాటలు, నాకు కంఠతా. రోడ్డు మధ్యలో ఉండగా డప్పు ఆగిపోయింది. తండ్రీ అని వినిపించింది. నేను ఆయన దగ్గరికి పోతుంటే, ఆయనే ఎదురొచ్చి ఆపాడు. ఇన్నాళ్లు వచ్చావు, ఇక చాలు అన్నట్టు."

సగమే కనబడే ఆ నవ్వు ఆ రోజు నిండుగా కనబడింది. ఆవిడ ప్లేయరు తీసి సంచి అడుగున పెట్టేసింది.

అప్పటినుంచి ఆయనకు దిగులన్నది లేదు. నొప్పి వస్తే ఓర్చుకునేవాడు. చూడవచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటే వాళ్లకే ధైర్యం చెప్పేవాడు. మందిరం పెద్ద వచ్చి, ఆ కథ విని, కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తర్వాత మందిరంలో అందరికీ చెప్పాడట. వారం తిరక్కుండా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. బిడ్డ పోయిన తల్లి ఒకామె వచ్చి, ఆ మాట మీ నోటితో ఒకసారి చెప్పండన్నది. ఆయన చెప్పాడు. ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుని వెళ్లింది.

ఇదంతా వంటింట్లోంచి వింటూ బొత్తాలమ్మ సూదితో వేలు గుచ్చుకునేది. రాత్రీ పగలూ ఒకటే ప్రశ్న. ఇది దేవుడు చేసినదైతే ఆయనకు ఇంత నొప్పి ఎందుకు పెట్టాడు? దేవుడు చేసినది కాకపోతే ఇంత ప్రశాంతత ఎక్కణ్ణుంచి వచ్చింది? తన తెలివితక్కువతనాన్నీ ఒక టిక్కునూ కూడా దేవుడు వాడుకుంటాడా? వాడుకుంటే తనకెందుకు మనసు చల్లబడదు? కళ్లు మూసుకుని తండ్రీ అందామంటే ఆవిడకు నోటికి ఆ మాట రావడం మానేసింది. ఆ మాటే ఆయన్ను రోడ్డు మీద నిలబెట్టింది.

చివరికి ఒక మధ్యాహ్నం, ఆయన పాదాలకు నూనె రాస్తూ చెప్పేసింది. మొదటినుంచి చెప్పింది. పెళ్లికొడుకు మాట, డిస్కు, మేష్టారు, చెరపడం, టిక్కు, ఒక్క మెతుకు. ఆయన వైపు చూడకుండా, రాస్తున్న పాదాన్నే చూస్తూ చెప్పింది.

ఆయన కిటికీవైపు ముఖం తిప్పుకున్నాడు.

"మేష్టారికి తెలుసా?"

"తెలుసు."

"ఊఁ."

అంతే. తిట్టలేదు. తిడితే బావుండేదని ఆవిడకు అనిపించింది.

ఆ సాయంత్రం మందిరంనుంచి ఇద్దరు ముసలివాళ్లు వచ్చారు. కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన, "మా తమ్ముడికి ఒంట్లో బాగోలేదు. మీ సంగతి వాడికి చెప్పాలి. రోడ్డు మీద ఏం జరిగిందో ఒకసారి మీరు చెబితే..." అన్నాడు.

వంటింట్లో బొత్తాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏముందండీ" అన్నాడు పోస్టుమాను. "కాలు ఆగిపోయింది. పడ్డాను."

"అది కాదు, ఆ పిలుపు..."

"కాలు ఆగిపోయిందండీ. ఈ జబ్బులో అంతే."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వచ్చినందుకు నాలుగు మాటలు మాట్లాడి లేచి వెళ్లారు. ఎముక విరగ్గొట్టినది ఒక పొరపాటు. మిగిలినదాన్ని విరగ్గొట్టింది మాత్రం తన నిజమే అని ఆవిడకు తోచింది. చెప్పకపోతే ఆయన్ను అబద్ధంలో ఉంచినట్టు. చెబితే ఇలా. ఈ రెంటిలో ఏది తక్కువ పాపమో ఏ పెద్దలూ ఆవిడకు చెప్పి ఉండలేదు.

దీపం పెట్టి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది.

"మూడు పాటల తర్వాత పెట్టమన్నావా?" అన్నాడు అటు తిరిగే.

"ఊఁ."

"అంటే మెట్ల దగ్గరికి వస్తుంది."

"మీ చెయ్యి కడ్డీ మీద పడేసరికి. లెక్క చూసే పెట్టించాను. ఒక్కోరోజు మీరు కొంచెం నెమ్మది. అప్పుడైతే రెండడుగుల ముందే వస్తుంది."

"కడ్డీ పొద్దున్నే చల్లగా ఉంటుంది" అన్నాడాయన. గోడవైపు చూస్తూనే, "అక్కడ వినవలసిందే అది. బావుండేది" అన్నాడు.

ఆవిడ ఏడుపు బయటికి రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చెయ్యి వెనక్కి చాపి తడుముతూ ఆవిడ చెయ్యి వెతికాడు. వణుకుతున్న వేళ్లు ఆవిడ మణికట్టు మీద పడి, అక్కడే ఉండిపోయాయి. దుప్పటి కింద ఆయన పాదాలు పక్కపక్కనే కదలకుండా ఉన్నాయి. ఆవిడ చాలాసేపు వాటివైపే చూస్తూ కూర్చుంది.